214వ గదిలో రాత్రి డ్యూటీ

డిసెంబరు పదహారున సాయంత్రం అయిదున్నరకు సంస్థ రెండో అంతస్తులో కరెంటు తీసేశారు. ఆ సమయానికి 214వ గదిలో ఇరవై నాలుగు బ్యాటరీలు పరీక్షలో ఉన్నాయి. పరీక్ష అరవై ఒకటో సైకిల్ దగ్గర ఆగిపోయింది.

పరీక్ష డాక్టర్ హైమవతిది. హైదరాబాదు శివారులో, బ్యాటరీల పరిశోధన కోసమే పెట్టిన ఆ సంస్థలో ఆమె నాలుగేళ్లుగా ఒకే పని చేస్తోంది. బ్యాటరీలో ఛార్జ్ దాచుకునే పొరను అందరూ గ్రాఫైట్‌తో చేస్తారు. ఆమె ఎర్ర భాస్వరంతో చేస్తోంది. అగ్గిపెట్టె పక్క పట్టీలో ఉండేది ఈ భాస్వరమే. గ్రాఫైట్ కంటే ఏడు రెట్లు ఛార్జ్ దాచుకుంటుంది. కాకపోతే ఛార్జ్ ఎక్కినప్పుడల్లా మూడింతలు ఉబ్బుతుంది, దిగినప్పుడల్లా ముడుచుకుంటుంది. ముప్పైసార్లు ఉబ్బి ముడుచుకునేసరికి పొడైపోతుంది. అందుకని హైమవతి దాన్ని కర్బనంతో కలిపి, ఉక్కు గుండ్లు వేసిన మరలో ఇరవై రెండు గంటలు నూరింది. భాస్వరం ఎంత ఉబ్బినా కర్బనం దాన్ని వదలకుండా పట్టుకుంటుందని ఆమె నమ్మకం.

నమ్మకం చాలదని నిపుణుల కమిటీ చెప్పింది. ఒకసారి ఛార్జ్ ఎక్కించి దించితే ఒక సైకిల్. అలాంటివి అయిదు వందలు, మధ్యలో ఆగకుండా, కనీసం ఇరవై బ్యాటరీల మీద చూపించాలి. కమిటీ మార్చి ఇరవై ఎనిమిదిన వస్తుంది. చూపిస్తే ప్రాజెక్టు మరో మూడేళ్లు నడుస్తుంది. చూపించలేకపోతే ప్రాజెక్టు మూత, పరీక్షా యంత్రం పై అంతస్తువాళ్లకు.

కరెంటు తీయడం వెనక సర్క్యులర్ ఉంది. నెల మొదట్లో డైరెక్టర్ గారు ఒక సదస్సుకు వెళ్లి విద్యుత్ పొదుపు మీద ఉత్సాహంతో తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే నలభై ఒకటో నంబరు సర్క్యులర్ వెలువడింది. “విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి లేని ఏ గదికీ సాయంత్రం అయిదున్నర తర్వాత విద్యుత్ సరఫరా ఉండరాదు.”

హైమవతి మూడు రోజుల్లో కొత్త బ్యాటరీలు చేసుకుంది. రూపాయి బిళ్లంతవి, ఇరవై నాలుగు. డిసెంబరు ఇరవై రెండున వాటిని ట్రేలో పెట్టుకుని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ కోదండపాణి దగ్గరికి వెళ్లింది. కోదండపాణికి ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. కాలమ్ ఖాళీగా ఉన్న కాగితం ఆయన చేతి మీదుగా ఒక్కటి కూడా వెళ్లలేదని సంస్థలో చెప్పుకుంటారు. ఆయనా చెప్పుకుంటాడు.

“యంత్రానికి మినహాయింపు కావాలండీ,” అంది హైమవతి.

“రూల్లో యంత్రానికి కాలమ్ లేదమ్మా. ఉద్యోగికే ఉంది. ఫారం ఏడు, రాత్రి విధుల అనుమతి.”

“అయితే రాత్రంతా నేనే కూర్చుంటాను.”

“వారానికి రెండు రాత్రులు మించకూడదు. పైగా మహిళలైతే వేరే కమిటీ చూడాలి. ఆ కమిటీని ఇంకా వేయలేదు.”

“మా టెక్నీషియన్ లింగస్వామి?”

“ఆయనకు షుగరు. మెడికల్ బోర్డు పగటి డ్యూటీయే అంది.”

హైమవతికి విసుగొచ్చింది. “అసలు రాత్రి ఆ గదిలో మనుషులకు పనే లేదండీ. పనిచేసేవి ఇవి!” అంటూ ట్రే బల్ల మీద పెట్టింది.

కోదండపాణి ట్రే వైపు చూశాడు. పెన్ను మూత తీశాడు.

“పనిచేసేవి ఇవేనంటారు. అయితే పేర్లు చెప్పండి.”

హైమవతి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె కాసేపు ఆలోచించి కుర్చీ లాక్కుని కూర్చుంది.

పేర్లు భా.క.1 నుంచి భా.క.24 వరకు రాశారు. తండ్రి పేరు దగ్గర హైమవతి “లేదు” అంది.

“లేదని రాస్తే అనాథ సర్టిఫికెట్ అడుగుతారమ్మా. వీటిని దేంతో చేశారు?”

“భాస్వరం, కర్బనం.”

“ఇంట్లో గొడవ చేసేది ఎవరు, సర్దుకుపోయేది ఎవరు?”

“ఉబ్బిపోయేది భాస్వరం. పట్టుకుని ఉండేది కర్బనం.”

“అయితే తల్లి కర్బనం, తండ్రి భాస్వరం,” అని కోదండపాణి రాసేశాడు. “మా ఇంట్లోనూ అంతే.”

పుట్టుమచ్చలు రెండు కావాలన్నాడు. ఒక వైపు ప్లస్ గుర్తు, రెండో వైపు గీత అని రాశారు. నివాసం దగ్గర 214వ గది, పరీక్షా యంత్రం, ఒకటి నుంచి ఇరవై నాలుగు స్లాట్లు అని రాశారు. వయసు దగ్గర మాత్రం కోదండపాణి ఆగిపోయాడు. పుట్టి మూడు రోజులైంది. పద్దెనిమిదేళ్లు నిండాలి.

“సడలింపు ఏదైనా ఉందా?”

“ప్రత్యేక నైపుణ్యం ఉంటే డైరెక్టర్ గారు సడలించవచ్చు. వీళ్ల నైపుణ్యం?”

“నిద్రపోకుండా పనిచేయడం.”

“అది మా సెక్షన్లో ఎవరికీ లేదు,” అని కోదండపాణి ఆ కాలమ్ కూడా నింపాడు.

డైరెక్టర్ గారు ఫైలు తిరగేశారు. ఖాళీ కాలమ్ ఒక్కటీ కనిపించలేదు. సంతకం పెట్టారు. జనవరి రెండున ఉత్తర్వు వచ్చింది. అందులో “ఇరవై నలుగురు ఉద్యోగులు” అని ఉంది. సంస్థలో అందరూ అప్పటినుంచి అలాగే అనడం మొదలుపెట్టారు.

జనవరి మూడున ఉదయం పది గంటలకు పరీక్ష మొదలైంది. సైకిల్‌కు నాలుగు గంటలు. రోజుకు ఆరు. లెక్క ప్రకారం అయిదు వందలవ సైకిల్ మార్చి ఇరవై ఏడున సాయంత్రం ఆరు గంటలకు పూర్తవుతుంది. కమిటీ మర్నాడు వస్తుంది.

మొదటి శనివారం యూనియన్ కార్యదర్శి జంగయ్య 214వ గదికి వచ్చాడు. వెనక నలుగురు ఉన్నారు.

“మేడమ్, గిది న్యాయమేనా? ఇరవై నలుగురు కొత్తోళ్లు, రాత్రనక పగలనక పని. రేపు ఆదివారం. వాళ్లకు వీక్లీ ఆఫ్ ఇయ్యరా?”

“జంగయ్య గారూ, ఇవి బ్యాటరీలు.”

“మేం కూడ మనుషులమని మీ ఆఫీసర్లకు యాది ఉంటదా? అట్లనే ఇది కూడ. పేరు రిజిస్టర్ల ఉన్నదా లేదా?”

“ఉంది.”

“ఉంటే వర్కరే. రేపు బందు పెట్టుండ్రి.”

ఒక్కరోజు ఆపితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. హైమవతి యంత్రం తెర జంగయ్య వైపు తిప్పింది. ప్రతి బ్యాటరీకీ ఛార్జ్ ఎక్కాక పది నిమిషాలు, దిగాక పది నిమిషాలు విశ్రాంతి ఉంటుందని చూపించింది. జంగయ్య అక్కడే బల్ల మీద లెక్క వేశాడు. సైకిల్‌కు ఇరవై నిమిషాలు, రోజుకు రెండు గంటలు, వారానికి పద్నాలుగు గంటలు. వీక్లీ ఆఫ్ ఇరవై నాలుగు గంటలు. తేడా పది.

“ఆ పది గంటలు జమ ఉంచుతరా? ఆఖర్ల ఒక్కపారి ఇస్తరా?”

“ఇస్తాను. రాసిస్తాను.”

“మంచిది,” అని జంగయ్య స్లాట్ల దగ్గరికి వంగాడు. “ఏం తమ్ముళ్లూ, అక్క మంచిదే. అయినా ఏమన్న కష్టమైతే చెప్పుండ్రి.” ఆ సాయంత్రం యూనియన్ సభ్యత్వం ఇరవై నాలుగు పెరిగింది.

కొత్తగా చేరిన ఉద్యోగులకు పదిహేను రోజుల్లో వైద్య పరీక్ష జరగాలి. జనవరి పదిహేడున సంస్థ డాక్టర్ ఖుర్షీద్ బేగం స్టెతస్కోపుతో వచ్చింది. ఒక బ్యాటరీ మీద స్టెతస్కోపు పెట్టి విని, తీసి మెడలో వేసుకుంది.

“ఏమీ వినిపించడం లేదు. ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా? దాచకండి.”

హైమవతి దాచలేదు. “లోపల వాపు వస్తుంది.”

“ఎప్పుడు?”

“ఛార్జ్ ఎక్కినప్పుడు.”

“అంటే భోజనం తర్వాత. ఎంత వాపు?”

“భాస్వరం మూడింతలవుతుంది. దిగినప్పుడు తగ్గుతుంది.”

“రోజుకు ఎన్నిసార్లు?”

“ఆరు.”

డాక్టర్ ఖుర్షీద్ రాసుకుంది. “వాపు ఉంటే మేం మొదట ఉప్పు తగ్గించమంటాం.”

“లోపల ఉన్నది లిథియం ఉప్పేనండీ. అది తీసేస్తే ఒక్కటి కూడా పనిచేయదు.”

“అయితే ఉప్పు వాడవచ్చు అని రాస్తున్నాను. పట్టుకుని ఉండే మనిషి ఎవరైనా పక్కన ఉన్నారా?”

“కర్బనం ఉంది.”

“బాగుంది. ఈ వాపుకు అదే మందు.” ఇరవై నలుగురికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు వచ్చాయి.

ఫిబ్రవరి ఎనిమిదిన ఉదయం లింగస్వామి, రోజూ ఆఫీసుకు పంపే హాజరు కాగితం నకలు తీసుకుని పరుగున వచ్చాడు. తొమ్మిదో నంబరు ఎదురుగా సున్నాలు ఉన్నాయి. లోపల షార్ట్ అయింది. అయిదు వందలకు చేరాల్సినవి ఇరవై. ఇరవై మూడు ఉన్నాయి. హైమవతి పెద్దగా కంగారు పడలేదు.

“కాగితం పైకి పంపినవా?” అని మాత్రం అడిగింది. లింగస్వామితో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు ఆ యాస వచ్చింది.

“రోజూ పంపుతం గద మేడమ్. పంపిన.”

పదకొండు గంటలకు నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటించారు. విధి నిర్వహణలో ఉండగా కన్నుమూసిన సహోద్యోగి భా.క.9 మృతికి పన్నెండు గంటలకు ఆడిటోరియంలో సంతాప సభ. సభ అనంతరం సంస్థకు సెలవు. ఒంటి గంటకు ప్రాంగణం మొత్తానికి కరెంటు నిలిపివేత.

హైమవతి ఆడిటోరియం చేరేసరికి స్టేజీ మీద తొమ్మిదో నంబరు ఫోటో రెండడుగుల ఎత్తున పెట్టి దండ వేశారు. డైరెక్టర్ గారు మైకు ముందు ఉన్నారు.

“తొమ్మిదో నంబరు మితభాషి. ఏనాడూ నా గదికి ఏ విన్నపంతోనూ రాలేదు. రెండు వందల పది పైచిలుకు సైకిళ్లు నిర్విరామంగా శ్రమించి, సంస్థ ప్రగతి పథంలో తన ఛార్జ్‌ను చివరి బొట్టు వరకు ధారపోసిన ఆ ధన్యజీవికి...”

ముందు వరుసలో ఖుర్షీద్ బేగం కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. హైమవతి ఆమె చెవి దగ్గర వంగింది. “డాక్టర్ గారూ, చనిపోయిందని మీరు రాసిచ్చారా?”

“లేదే. నన్నెవరూ అడగలేదు.”

“మీరు రాయకుండా చనిపోయినట్టు అవుతుందా?”

ఖుర్షీద్ బేగం కళ్లు తుడుచుకోవడం ఆపింది. “ఎలా అవుతుంది?”

ఇద్దరూ రెండంతస్తులు ఎక్కారు. హైమవతి తొమ్మిదో నంబరును తీసి వోల్టుమీటరు పెట్టింది. ముల్లు కదిలింది.

“ఎంత?”

“పాయింట్ నాలుగు వోల్టులు. మామూలుగా రెండున్నర ఉంటుంది.”

“తక్కువే. కానీ ఉంది,” అంది డాక్టర్. “ఉన్నది ఉన్నట్టు రాస్తాను. స్పృహ లేదు, ప్రాణం ఉంది.”

చీటీ చేరేసరికి సభలో అందరూ లేచి నిలబడి ఉన్నారు. రెండు నిమిషాల మౌనంలో ఒక నిమిషం అయింది. డైరెక్టర్ గారు చీటీ చదివి అందరినీ కూర్చోమన్నారు. సంతాప సభను ఆరోగ్యాకాంక్ష సభగా మార్చినట్టు ప్రకటించారు. మిగిలిన నిమిషాన్ని అవసరమైనప్పుడు వాడుకునేందుకు వాయిదా వేశారు. ఫోటో మీద దండ తీశారు. తొమ్మిదో నంబరుకు మెడికల్ లీవు మంజూరైంది. సంస్థకు సెలవు రద్దైంది.

బయట మెట్ల మీద జంగయ్య ఎదురయ్యాడు.

“ఏంది మేడమ్, జర సాయంత్రం దాంక ఆగి చూస్తే ఏంబోతుండె? ఇంటికి ఫోన్ గూడ చేసిన, అన్నానికి వస్తున్నని.”

“మీ సభ్యుడే కదా, బతికినందుకు సంతోషించరా?”

“సంతోషమే,” అన్నాడు జంగయ్య. “గానీ ఆకలైతుంది.”

మార్చి పదిహేడు, ఉదయం పదకొండు. నాలుగు వందల ముప్పై ఎనిమిది సైకిళ్లు పూర్తయ్యాయి. ఇరవై మూడూ నడుస్తున్నాయి. అప్పుడే బదిలీ ఉత్తర్వు వచ్చింది. “పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా భా.క.1 నుంచి 24 వరకు గల ఉద్యోగులను కర్నూలు శాఖకు బదిలీ చేయడమైనది. నేటి సాయంత్రమే రిలీవ్ చేయవలెను.”

హైమవతి ఉత్తర్వు పట్టుకుని డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లింది. కోదండపాణి అప్పటికే అక్కడ సర్వీసు రిజిస్టర్లతో నిలబడి ఉన్నాడు.

“సార్, ఇంకా అరవై రెండు సైకిళ్లున్నాయి. పదకొండు రోజుల్లో కమిటీ.”

“అమ్మా, వీరి వార్షిక నివేదిక చూశాను. తీసుకున్నదాంట్లో నూటికి తొంభై తొమ్మిదిన్నర పాళ్లు తిరిగి ఇస్తున్న సిబ్బంది. నా సర్వీసులో ఇలాంటి నివేదిక చూడలేదు. కర్నూలు శాఖలో ఎంతమంది ఉన్నారు కోదండపాణీ?”

“ముప్పై ఆరుగురండి. రోజూ వచ్చేది ఇరవై ఇద్దరు.”

“చూశావా అమ్మా. ప్రతిభ ఒకేచోట పేరుకుపోకూడదు. వికేంద్రీకరించాలి.”

“సార్, అవి బ్యాటరీలు.”

డైరెక్టర్ గారు కోదండపాణి వైపు చూశారు. కోదండపాణి ఫారం ఏడు తీసి బల్ల మీద పరిచాడు. “ఉద్యోగులేనండి. ఇక్కడ తమరి సంతకం ఉంది.”

“నేను బ్యాటరీలను ఉద్యోగులుగా నియమించానంటావా?” అన్నారు డైరెక్టర్ గారు.

హైమవతి నోరు తెరిచింది. అవునంటే ఫారం ఏడు రద్దవుతుంది. అది రద్దయితే ఆ సాయంత్రం అయిదున్నరకు కరెంటు పోతుంది.

“లేదు సార్,” అంది. “కోదండపాణి గారూ, బదిలీ అయినవాళ్లకు కొత్తచోట చేరడానికి జాయినింగ్ టైమ్ ఎంత?”

కోదండపాణి ఆమె వైపు చూశాడు. “పది రోజులమ్మా.”

“ఆ పది రోజులు డ్యూటీలో ఉన్నట్టా, లేనట్టా?”

“ఉన్నట్టే. పద్నాలుగో పేజీ.”

“రేపు పద్దెనిమిది. అక్కడినుంచి పది రోజులంటే ఇరవై ఏడు దాకా వీళ్లు డ్యూటీలో ఉన్నట్టే.”

“కానీ రిలీవైనవాళ్లు గదిలో ఉండకూడదు కదమ్మా?”

“వాళ్ల నివాసం ఏమని రాశారో చూడండి. ఇల్లు సర్దుకోవద్దా?”

కోదండపాణి ఫారం చూశాడు. తర్వాత రూల్సు పుస్తకం చూశాడు. ఈ మూడు నెలల్లో దాన్ని ఆమె ఎప్పుడు చదివిందో ఆయనకు తెలియదు. “సరిపోయిందండి,” అని డైరెక్టర్ గారితో చెప్పాడు. గొంతులో కొంచెం గర్వం ఉంది.

మార్చి ఇరవై ఏడున సాయంత్రం అయిదున్నరకు ఎలక్ట్రీషియన్ జాబితా పట్టుకుని 214కు వచ్చాడు. యంత్రం తెర మీద 499 అని ఉంది.

“పదో రోజు అయిపోయింది మేడమ్. ఆఫీసు టైమ్ అయింది. తీసేస్తున్న.”

“ఇంకో అరగంట ఆగు బాబూ.”

“నాకు రాసిచ్చిన జాబితల అరగంట లేదు.”

లింగస్వామి స్విచ్ బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాడు. “నాకు షుగరున్నది. నన్ను ముట్టుకుంటే పడిపోత.”

హైమవతి ఫోన్ చేసింది. కోదండపాణి బ్యాగు సర్దుకుని గేటు దాకా వెళ్లిపోయి ఉన్నాడు. వెనక్కి వచ్చి రెండంతస్తులు ఎక్కేసరికి ఆయన మాట్లాడే స్థితిలో లేడు. పుస్తకం తెరిచి వేలితో చూపించాడు. మూడో పేజీ, నిర్వచనాలు. రోజు అనగా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు.

“పుస్తకం గాదు సార్, ఆర్డర్ గావాలె,” అన్నాడు ఎలక్ట్రీషియన్.

కోదండపాణి అక్కడే ఆర్డర్ రాశాడు. సంతకం పెట్టాడు. డిస్పాచ్ నంబర్ దగ్గర పెన్ను ఆగింది. నంబర్ వేసే గుమాస్తా అయిదున్నరకే వెళ్లిపోయాడు. కోదండపాణి కాగితం వైపు కాసేపు చూశాడు. తెర వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టి కాగితం ఇచ్చేశాడు.

“సార్, గీ కాలమ్ ఖాళీగున్నది.”

“తెలుసు,” అన్నాడు కోదండపాణి.

ఎలక్ట్రీషియన్ ఆయన మొహం చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పుడు టైమ్ అయిదు నలభై ఒకటి. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. ఆరు గంటలకు 500 పడింది. కోదండపాణి మంచినీళ్లు అడిగాడు.

మర్నాడు ఉదయం ఆరు గంటల బస్సుకు లింగస్వామి ఇరవై ముగ్గురినీ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని కర్నూలు తీసుకెళ్లాడు. పదిన్నరకు అందరూ విధుల్లో చేరారు. హైదరాబాదులో కమిటీ పదకొండుకు మొదలై మూడింటికి ముగిసింది. ఇరవై మూడు బ్యాటరీలు అయిదు వందల సైకిళ్లు పూర్తి చేశాయనీ, అన్నిటికంటే తక్కువ నిలుపుకున్నది కూడా మొదటి సామర్థ్యంలో ఎనభై ఒక్క శాతం నిలుపుకుందనీ కమిటీ నమోదు చేసింది. ప్రాజెక్టును మూడేళ్లు పొడిగించింది. యంత్రం 214లోనే ఉంది. తర్వాతి పరీక్షకు మరో ఇరవై నాలుగు బ్యాటరీలు పెట్టమని కమిటీ చెప్పింది.

హైమవతి కొత్తవి చేసుకుని ఫారం ఏడు కోసం కోదండపాణి దగ్గరికి వెళ్లింది.

“ఈసారి అలా కుదరదమ్మా. పాతవాళ్లు బదిలీ అయ్యారు కాబట్టి ఇవి ఖాళీలు. ఖాళీలంటే నోటిఫికేషన్ ఇచ్చి భర్తీ చేయాలి.”

ఏప్రిల్ పదిన పత్రికల్లో ప్రకటన వచ్చింది. పోస్టులు ఇరవై నాలుగు. రాత్రింబవళ్లు డ్యూటీ. సైకిల్‌కు ఇరవై నిమిషాలు విశ్రాంతి. నివాసం స్లాటులో. వాపు ఉన్నవారు కూడా అర్హులే. గడువు ముగిసిన ఏప్రిల్ ముప్పై సాయంత్రానికి పదకొండు వేల ఆరు వందల నలభై రెండు దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఇరవై నాలుగు హైమవతి పెట్టినవి.